మాట మధ్యలో ఆగితే

"నీ మాట ఆ కోతిమూక ఎలా వింటుందో గానీ..." అన్నారు మా వారు, గిన్నెలు తోముతున్న నా భుజం మీదుగా చేయి చాచి గ్లాసు అందుకుంటూ. "ఇంట్లో దీని మాట పిల్లి కూడా వినదు కదరా!" అని అత్తగారు నవ్వారు. మాకు పిల్లి లేదు. ఆ మాటే అందామని వెనక్కి తిరిగేసరికి ఇద్దరూ హాల్లోకి వెళ్ళిపోయారు. మాకు పిల్లి లేదన్న సంగతి కుళాయికి చెప్పుకుని పని కానిచ్చాను.

కోతిమూక అంటే నా ఎనిమిదో తరగతి బి సెక్షను. ఏడాది మొదట్లో ఆ క్లాసు నాకు అప్పగిస్తూ హెడ్మాస్టరు గారు "మీకు ఓపిక ఎక్కువ మేడమ్, పైగా తల్లి మనసు" అన్నారు. అంతకుముందు దాన్ని చూసిన లెక్కల మాస్టారికీ ఇద్దరు పిల్లలున్నారు, ఆయన తండ్రి మనసు సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఆయన బెత్తం విరిగింది, గొంతు బొంగురుపోయింది, క్లాసు సంతలాగే ఉండిపోయింది. దాంతో ఆయనకి బుద్ధిమంతుల సెక్షను ఇచ్చి, సంతను నా నెత్తిన పెట్టారు. "ఆడవాళ్ళకి ఇదేం కొత్త కాదుగా" అని స్టాఫ్ రూములో ఆయన టీ తాగుతూ అంటే అందరూ నవ్వారు. మర్యాద కోసం నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను కుళ్ళబొడుస్తూ ఉంటుంది.

నేను అరవలేదు. అరవడం నాకు చేతకాదు, మా పుట్టింట్లో ఆ విద్య అన్నయ్యకి మాత్రమే అబ్బింది. గోల మొదలవగానే చెబుతున్న వాక్యాన్ని మధ్యలో ఆపేసి నిలబడేదాన్ని. గుడ్లురమడం లేదు, బల్ల మీద కొట్టడం లేదు, ఊరికే ఎదురుచూడటం. మొదట్లో పీరియడంతా అలా నిలబడే గడిచిపోయిన రోజులున్నాయి. మెల్లగా ముందు బెంచీ పిల్లలు "ఉష్, టీచర్ ఆగిపోయారు" అని వెనక్కి తిరిగి చెప్పడం మొదలుపెట్టారు. అప్పుడు ఇంకో పద్ధతి పెట్టాను. ఎవరు మాట్లాడుతుంటే అందరూ వాళ్ళ వైపు తిరిగి కూర్చోవాలి, ఆ మాట పూర్తయ్యేదాకా ఇంకెవరూ నోరు విప్పకూడదు. అది నాకూ వర్తిస్తుందని చెబితే పిల్లలు నమ్మలేదు, కొన్నాళ్ళు నాకు పరీక్ష పెట్టి చూశారు కూడా.

బెంచీలు తన్నుతూ, పక్కవాళ్ళ పుస్తకాలు కిటికీలోంచి విసిరేసే పిల్ల ఒకతి ఉంది. టీచర్లందరం పిడుగు అంటాం. ఒకరోజు పుస్తకం ఎందుకు విసిరావని అడిగితే చాలాసేపు గోళ్ళు కొరుక్కుంటూ నిలబడింది. క్లాసంతా తన వైపు తిరిగి ఆగింది. "నేనేం చెప్పినా అబద్ధమే అంటారు టీచర్. అందుకే చెప్పడం మానేశా" అంది చివరికి. ఎవరూ కిసుక్కుమనలేదు. పక్కపిల్ల కాస్త జరిగి చోటిచ్చింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగి, బోర్డు తుడుస్తున్నట్టు అటు తిరిగాను. జాలి అనుకున్నాను మొదట. కాదు, ఆ పిల్ల మీద అసూయ. తన ఒక్క మాట కోసం అన్ని ముఖాలు తిరిగాయి. పెళ్ళయ్యాక ఇంట్లో నా మాట వినడానికి ఎవరైనా తల తిప్పారా అని గుర్తు చేసుకోబోయాను, ఒక్క సందర్భమూ తట్టలేదు.

ఆ క్లాసు దారిలో పడ్డ కబురు పై ఆఫీసు దాకా వెళ్ళింది. వేరే ఊళ్ళోని శిక్షణ కేంద్రంలో కొత్త టీచర్లకి క్లాసు నడపడం నేర్పమని నన్ను అడిగారు. ఏడాది పని, ఉండటం అక్కడే. "ఇంట్లో చెప్పి సోమవారానికల్లా ఏ సంగతీ తేల్చండి మేడమ్. లేకపోతే ఇంకొకరిని పిలుచుకుంటారు" అన్నారు హెడ్మాస్టరు గారు. నాకు వెళ్ళాలని ఉంది. ఏదైనా ఇంత గట్టిగా కావాలనిపించి ఎన్నేళ్ళయిందో!

ఇస్త్రీ చేస్తూ మా వారితో మొదలుపెడితే "నా నీలం చొక్కా ఏదీ?" అన్నారు. మందు ఇస్తూ అత్తగారితో మొదలుపెడితే "నీళ్ళు చల్లగా ఉన్నాయమ్మా" అన్నారు. కాలేజీ చదివే మా అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీయకుండానే "ఊఁ, సరే అమ్మా" అంది, దేనికి సరే అందో దానికే తెలియాలి. నన్నెవరూ కొట్టరు, తిట్టరు. మీ ఇంట్లోంచి గట్టిగా ఒక్క మాట కూడా వినపడదు, ఎంత అదృష్టం అంటారు చుట్టాలు. నిజమే, నా మాట అసలే వినపడదు.

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. వడ్డిస్తూ, క్లాసులో మాట్లాడే గొంతుతోనే చెప్పాను. "శిక్షణ కేంద్రంలో నాకు పనిస్తున్నారు. వేరే ఊరు, ఏడాదిపాటు అక్కడే ఉండాలి. రేపు సరేనని చెబుదామనుకుంటున్నాను. మీరందరూ..." మా వారు వాళ్ళ మేనేజరు తెలివితక్కువతనం అత్తగారికి వివరిస్తున్నారు. నేను ఆగాను. క్లాసులో ఆగినట్టే, గరిటె పట్టుకుని, ఎదురుచూస్తూ. ఎంతటి గోలనైనా ఆపిన పద్ధతి కదా అని ధైర్యం. ఇక్కడ ఉష్ అనేవాళ్ళు లేరు. మేనేజరు కథ అయిపోయింది, ఆ మేనేజరు బావమరిది కథ మొదలైంది. అమ్మాయి ఫోనులోకి చూసి నవ్వుకుంటోంది. మా వారు పళ్ళెం ముందుకు జరిపారు, కూర వెయ్యమని. వేశాను. తిన్నారు, చేతులు కడుక్కున్నారు, టీవీ పెట్టుకున్నారు. నేనింకా "మీరందరూ" దగ్గరే ఉన్నాను. ఎంగిలి పళ్ళేలు తీస్తుంటే ఏడుపొచ్చింది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఇల్లు ఆటకే రాకపోతే ఎవరిని గెలవను?

సోమవారం ప్రార్థన కాగానే హెడ్మాస్టరు గారి గదిలోకి వెళ్ళి, శిక్షణ కేంద్రానికి వెళ్తానని చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి నన్ను ఎగాదిగా చూశారు.

"ఇంట్లో చెప్పారా మేడమ్? రేపు మీ వారొచ్చి నన్ను నిలదీస్తే బాగోదు."

"చెప్పాను సార్, అందరూ భోంచేస్తున్నప్పుడు. ఒక్కరూ కాదనలేదు."