మబ్బులో మడతపేచీ

"డిటెక్టివ్‌ని పెట్టారంట!"

లక్ష్మణమ్మ మోసుకొచ్చిన ఈ కబురుతో పొందూరు నూలుశాలలో వడివడిగా వడుకుతున్న రాట్నాలన్నీ ఒక్కసారిగా ఆగాయి.

"ఎక్కడున్నాడే?" అంది దాలమ్మ, వాలుగ చేప పళ్ల దవడతో పత్తి దువ్వుతూ.

"క్లౌడులో ఉన్నాడంట. మా మనవరాల్నడిగితే మబ్బు అన్నాది. కంప్యూటరు బాబు సెక్రటరీకి సెప్తంటే నా సెవులార ఇన్నాను."

బొబ్బిలి నుంచి వచ్చిన కంప్యూటరు కుర్రాడు హరిచరణ్ అన్నది డిటెక్టివ్ కాదు, డివైస్ డిటెక్షన్. వడికేవాళ్లు రోజూ తమ ఫోన్ల నుంచి నూలుశాల సంఘం వెబ్‌సైటులో హాజరు వేసుకుంటారు. ఆ సైటును నడిపే సర్వరులోని జావాస్క్రిప్టు ప్రోగ్రాముకు అతనొక క్లౌడు సర్వీసు తగిలించాడు. ఎవరు ఏ రకం ఫోనుతో వచ్చారో అది చెబుతుంది. చిన్న ఫోనుకు పెద్ద అక్షరాలు చూపిద్దామని అతని ఉద్దేశం. సెక్రటరీ జగన్నాధానికి ఉద్దేశాలతో పనిలేదు, సందేహాలతోనే పని. పాలు పోయించుకున్నా గేదె సంతకం అడిగే రకం.

మధ్యాహ్నానికి రిపోర్టు వచ్చింది. ముప్ఫై ఒక్క హాజరూ ఒకే రకం ఫోను నుంచి! అంటే ఎవరో ఒకరు తమ ఫోను నుంచే అందరికీ వేసేస్తున్నారన్నమాట. ఫోను రానివాళ్లకు నొక్కడం నేర్పింది దాలమ్మే కదా. చూపులన్నీ ఆమె మీదికే తిరిగాయి.

"రేపట్నుంచి నీ రాట్నం ఇంకొకరికిచ్చెస్తాను," అన్నాడు జగన్నాధం.

పదహారేళ్లుగా ఆ రాట్నమే దాలమ్మకు కూడు. దాని మీద సెక్రటరీ మరదలికి కన్నుందని ఆమెకూ ఓ అనుమానం. నూలు తెగితే అతుక్కుంటుంది, పేరు పోతే అతుకుతుందా?

"బాబూ, ఆ దొంగఫోను ఏ రకమో సదువు," అంది దాలమ్మ.

హరిచరణ్ తెర చూశాడు. "మడత ఫోనమ్మా. పుస్తకంలా తెరుచుకునేది."

"మడతా? మా ఈదిలో పంచెలు మడతెడతారు, సీరలు మడతెడతారు. ఫోన్లు మడతెట్టినోళ్లెవులయ్యా? నాది మడతెడితే ఇరుగుతాది. తియ్యండే మీ ఫోన్లు!"

ముప్ఫై ఒక్క ఫోన్లు గాల్లోకి లేచాయి. ఒక్కదానికీ మడత లేదు.

"మరి బాబు సేతిలోదేటి?" అంది లక్ష్మణమ్మ.

అతని అరచేతిలో ఫోను పుస్తకంలా తెరుచుకుని ఉంది. జగన్నాధం రెండడుగులు వెనక్కి వేశాడు. "ఒరే, దొంగవి నువ్వేనేట్రా?"

కుర్రాడు ప్రోగ్రాము తెరిచి పైనుంచి కిందికి చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. లేచి నిలబడ్డాడు.

"అందరూ వినండమ్మా. ప్రతి ఫోనూ సర్వరు గుమ్మంలోకి రాగానే తన ఆనవాలు చెబుతుంది. సర్వరు దాన్ని క్లౌడుకు పంపి, ఇది ఏ ఫోనో అడగాలి. పరీక్ష చేసేటప్పుడు నా ఫోను ఆనవాలు ప్రోగ్రాములో రాసిపెట్టి, తియ్యడం మర్చిపోయాను. ఎవరొచ్చినా సర్వరు నా ఆనవాలే పంపింది. తప్పు నాది. దాలమ్మగారిది కాదు."

ఆ లైను చెరిపేసి, అందరినీ మళ్లీ సైటులోకి రమ్మన్నాడు. ఈసారి తెరమీద పద్నాలుగు రకాల ఫోన్లు వచ్చాయి.

"ఇనబడ్డాదా సెక్రటరీ బాబూ?" అంది దాలమ్మ.

"ఇనబడ్డాదే."

"అయితే మాకూ ఇనబడీటట్టు నువ్వొకపాలి సెప్పు."

జగన్నాధం గొంతు సవరించుకుని, ముప్ఫై ఒక్కమంది ముందూ చెప్పాడు.

"దాలమ్మ రాట్నం దాలమ్మదే."