ఖాళీ కాని స్టూలు

చెత్తకొండ కింద ఊరే నల్లనీటిని శుద్ధిచేసే తొట్టి అది. దాని కంపుకు కాకులు రెక్కలతో ముక్కు మూసుకుని ఎగిరేవి. మరి దేంతో ఎగిరేవని అడక్కండి, కథ నడవదు.

ఆ తొట్టిలోకి గాలి కొట్టే బ్లోయరు నడిపేది గాలమ్మ. పేరు పనివాళ్లు పెట్టిందే. తనిఖీ ఉన్న పొద్దున బ్లోయరు ఆపించడం కంట్రాక్టరుకు అలవాటు. నీళ్లు కదలకపోతే చెత్త కుళ్లి పుట్టిన వాయువు లోపలే అణిగి ఉంటుంది, దాన్ని కొలిచే మీటరు మూగదవుతుంది. తనిఖీ బండి గేటు దాటి పోగానే మళ్లీ స్విచ్చి వెయ్యాలి. అణిగిందంతా ఒక్కసారిగా బుసకొడుతుంది.

పోయిన తనిఖీ నాడు ఆ బుసకు ఎదురుగా ఉన్నది గాలమ్మ తమ్ముడు. నరికిన అరటిచెట్టులా కూలాడు. స్విచ్చి వేసింది ఆమె చెయ్యే. తాగి పడ్డాడని రాశాడు కంట్రాక్టరు. తమ్ముడు టీ కూడా ముట్టడు. ఇంకా ఆసుపత్రి మంచం దిగలేదు.

మళ్లీ తనిఖీ రోజు దగ్గరపడింది. ముందురోజు బట్టలు మార్చుకునే షెడ్డులో నలభైమందీ చేరారు.

"రేపు నేను ఆపను," అంది గాలమ్మ.

"ఆపకపోతే గేటు బయటే మన బతుకు," అన్నాడు వెల్డరు. "అయినా ఆ వాయువు ఆకాశానికి పోతే మనకేంటక్కా?"

"ఆ వాయువుతో లోకం వేడెక్కితే ముందు ఎవడు మాడతాడురా? ఏసీ గదిలో వాడా, రేకుల కింద నువ్వా? పైకి పోయేముందు అది మన ముక్కులోంచే పోతోంది."

ఊడ్చే ముసలామె గొణిగింది. "దీన్నొక్కదాన్నయితే పీకేస్తారు. నలభైమందిని పీకితే ఈ కంపు ఎవడు చూస్తాడు? కంట్రాక్టరు వాళ్లావిడా?"

నవ్వారు. నవ్వాక కూడా ఎవరూ ఇంటికి కదల్లేదు.

మర్నాడు సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. "ఆపవే, బండి వచ్చేసింది."

గాలమ్మ స్విచ్చికి అడ్డంగా స్టూలు లాక్కుని కూచుంది. చుట్టూ పనివాళ్లు. తొట్టి కుతకుతలాడుతోంది. తనిఖీ అధికారిణి మీటరు దించింది. అంకె ఎక్కింది, ఇంకా ఎక్కింది, మీటరు కీచుమంది.

"ఇన్నాళ్లూ ఇదంతా ఎక్కడుంది?"

"మా తమ్ముడి ఊపిరితిత్తుల్లో ఉందమ్మా. రాసుకోండి. తొట్టికి మూతేసి వాయువును పట్టే గొట్టం పెట్టాలని కూడా రాయండి."

అధికారిణి రాసుకుంది. కంట్రాక్టరు ఫోను తీశాడు.

పోలీసులు గాలమ్మను లాగారు. స్టూలు మీద వెల్డరు కూచున్నాడు. అతన్నీ లాగారు. చీపురు ఒళ్లో పెట్టుకుని ముసలామె కూచుంది. ఆమె వెనక పైపులవాడు వరసలో నిలబడ్డాడు. జీపు నిండింది గానీ స్టూలు ఖాళీ కాలేదు.

గేటు దాటాక గాలమ్మ చెవులు రిక్కించింది. బ్లోయరు మోగుతూనే ఉంది.