మేనమామ పట్టిన చేప

మా చెల్లెలు వీరదుర్గ నన్ను ఇంగ్లండు పిలిపించి, నమ్మించి గొంతు ఎలా కోసిందో చెబుతాను, వినండి. మధ్యలో అడ్డం రాకండి. అడ్డమొస్తే నాకు కోపమొస్తుంది, కోపమొస్తే చెప్పేది మర్చిపోతాను.

నా పేరు సత్తియ్య. మాది మొగల్తూరు. ముప్పయ్యేళ్లుగా సముద్రం మీదా కాలవల్లోనూ వేటే నా బతుకు. దుర్గ నాకన్నా పన్నెండేళ్లు చిన్నది. నాన్న పోయినప్పుడు ఐదో క్లాసు. దాన్ని నర్సు చదువు చదివించింది నా వలే. ఇప్పుడు ఇంగ్లండులో ఒక పల్లెటూరి ఆసుపత్రిలో నర్సు. మొగుడు లోకనాథ్‌ది కంప్యూటరు పని. పోయిన ఏడాది చివర్లో వాళ్లకి ఆడపిల్ల పుట్టింది.

ఐదో నెలలో అన్నప్రాసన. మా ఇంట్లో ఆ రోజు పిల్లకి మొదటి ముద్ద పెట్టాల్సింది మేనమామే. అదొక్కటే కాదు. వచ్చినవాళ్లకి వడ్డించే పులుసులో చేప కూడా మేనమామ తన వలతో పట్టిందై ఉండాలి. బజారులో కొన్న చేప పనికిరాదు. కొన్నది పెడితే, పిల్లకి మేనమామ లేడా ఏంటని నలుగురూ ఆడిపోసుకుంటారు. ఆ పిల్లకి ఉన్నది నేనొక్కణ్ణే.

"అన్నయ్యా, నువ్వు రావాల్సిందే. వచ్చేటప్పుడు నీ చిన్న విసురు వల కూడా పట్రా" అంది దుర్గ ఫోన్లో. నాకు అంతకన్నా ఏం కావాలి? వల ఉతికి, ఆరబెట్టి, పెట్టెలో అడుగున పెట్టాను. హైదరాబాదు ఎయిర్‌పోర్టులో ఒక ఆఫీసరమ్మ పెట్టె తెరిపించి, దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుంది.

"ఇదేంటండి?"

"వలండి."

"అక్కడికి ఎందుకండి?"

"మేనమామనండి."

ఆవిడకి ఏం అర్థమైందో గానీ, నవ్వి పంపేసింది.

అక్కడ దిగాక దుర్గ నాకు రోజుకో చెరువు చూపించింది. మొదటి రోజు కొండల మధ్య పెద్ద సరస్సు. ఈ ఒడ్డు నుంచి చూస్తే ఆ ఒడ్డు మీద గొర్రెలు మెతుకుల్లా కనిపిస్తున్నాయి. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున రాళ్లు లెక్కపెట్టొచ్చు. అన్ని నీళ్లుంటే ఒక్క వల లేదు! జనం బెంచీల మీద కూర్చుని, ఫ్లాస్కులో టీ తాగుతూ నీళ్లను చూస్తున్నారు. "ఏం చూస్తున్నారే వీళ్లు?" అన్నాను. "నీళ్లే అన్నయ్యా" అంది. ఓరి నాయనో అనుకున్నాను.

రెండో రోజు ఊరి మధ్యలో బాతుల చెరువు. ఒక బాతు పిల్లల్ని వెంటేసుకుని రోడ్డు దాటుతుంటే ఆరు కార్లు ఆగిపోయాయి. ఒక్కడూ హారన్ కొట్టలేదు. మా నరసాపురం రోడ్డు మీద మనిషికే ఆ మర్యాద లేదు.

మూడో రోజు గొర్రెల మేత పొలాల గుండా, చిన్న చిన్న చెక్క గేట్లు తీసుకుంటూ, వేసుకుంటూ నడిచి ఇంకో చెరువు దగ్గరికెళ్లాం. గట్టునిండా పచ్చిక, ఒక పక్క తుంగ, ఇంకో పక్క కలువలు. నీళ్లు కదిలిన తీరు చూడగానే నా ఒళ్లు జలదరించింది. బంగారు తీగ చేప! మామూలుది కాదు. మునిగి తేలుతుంటే దాని వీపు పందిపిల్లంత ఉంది.

మా వైపు చెరువంటే నాలుగు గట్లు, గిరగిర తిరుగుతూ నీళ్లు చిలికే ఏరేటర్లు, మేత బస్తాలు, ఒక కాపలా గుడిసె, కనీసం రెండు కుక్కలు. సొంతదారుడున్న చెరువుకి కాపలా లేకపోవడమనేది నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఇక్కడ గుడిసె లేదు, కుక్క లేదు, మనిషి లేడు. కాపలా లేదంటే ఊరుమ్మడిదే అనుకున్నాను. అయినా గట్టు మీద ఒక బోర్డు కనిపిస్తే ఆగాను. నాకు ఇంగ్లీషు చదవడం రాదు.

"ఆ బోర్డు మీద ఏం రాశారే?"

దుర్గ దాని వైపు చూసింది. "చిన్నపిల్లల్ని నీళ్లలోకి దింపొద్దని అన్నయ్యా."

"పట్టుకోవచ్చా మరి?"

"పొద్దున్నే వచ్చి పట్టుకో. నీ చేత్తో పట్టిన చేప తిని ఎన్నాళ్లయిందో!" అంది. ఆ మాటకి నా కళ్లు చెమ్మగిల్లాయి. సిగ్గు లేకుండా చెబుతున్నాను.

అన్నప్రాసనకి ముందు రోజు, అప్పుడే తెల్లవారుతుండగా వెళ్లాను. వల భుజానేసుకుని, అంచు పంటితో పట్టి, ఒక్క విసురు విసిరాను. గుండ్రంగా విచ్చుకుని పడింది. తాడు చేతికి చుట్టుకుని లాగాను. గట్టు మీదకి తెచ్చేసరికి, నా తల్లే, పన్నెండు కిలోలకి తగ్గదు! మేనకోడలి అదృష్టం అనుకున్నాను.

అంతలో కేకలు వినిపించాయి. తెల్ల గడ్డం ముసలాయన ఒకడు, వెనకాల ఇద్దరు, గొడుగులూ గేలాలూ పట్టుకుని పరుగెత్తుకొస్తున్నారు. ముసలాయన నన్ను తోసేసి, మోకాళ్ల మీద కూలబడి, వల విప్పి, ఒక మెత్తటి తడి పరుపు మీద చేపని పడుకోబెట్టాడు. పేరు పెట్టి పిలుస్తున్నాడండి దాన్ని! దాని నోటికేదో మందు రాశాడు. పసిపిల్లకి స్నానం పోసినట్టు నీళ్లు పోశాడు. తర్వాత తెలిసింది, ఆ చేపని వాళ్లు పదేళ్లుగా పడుతున్నారట. పట్టడం, ఫోటో దిగడం, మళ్లీ వదిలెయ్యడం. తినరట. అది మెల్లగా తోక ఆడించి నీళ్లలోకి వెళ్లిపోయాక ముసలాయన నా వైపు తిరిగాడు. ముఖం కందగడ్డలా ఉంది.

ఏం అడుగుతున్నాడో నాకు తెలీదు. చేతులు జోడించాను. అప్పుడే పొలం గేటు దగ్గర దుర్గ కనిపించింది. చేప మోసుకెళ్లడానికి సంచీ తీసుకుని వస్తోంది. నా ప్రాణం లేచొచ్చింది.

"దుర్గా! ఇలా రావే! వీళ్లకి చెప్పవే, నాకు తెలీదని!"

అది సంచీ మడతపెట్టి కోటు కింద పెట్టుకుంది. ముసలాయన దాన్ని చూసి పలకరించాడు. వాళ్లిద్దరికీ ముందే పరిచయం. నన్ను చూపించి అడిగాడు: "యువర్ బ్రదర్?"

మా దుర్గ నా ముఖం చూడకుండా చెప్పింది: "నో."

నాకు ఇంగ్లీషు రాదు. కానీ బ్రదర్ అంటే తెలుసు, నో అంటే తెలుసు. ఆ తర్వాత అది ఏదేదో గబగబా చెప్పింది, నాకు వినిపించలేదు. ముసలాయన నా వల చుట్టి తన సంచీలో వేసుకుని, పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. అది ముందు నడిచింది. నేను ఇరవై అడుగుల వెనక నడిచాను, ఎవరో పరాయివాణ్ణన్నట్టు.

ఇంటికెళ్లాక ఏడ్చింది. "ఆయన చెరువు సంఘం పెద్ద అన్నయ్యా. మాకు ఈ దేశం పౌరసత్వం రావాలంటే, మేం మంచివాళ్లమని ఎవరైనా సంతకం పెట్టాలి. ఆయన పెడతానన్నాడు. నువ్వు మా ఇంట్లో అద్దెకుంటున్న మనిషివని చెప్పేశాను."

"బోర్డు మీద ఏం రాసుందే?"

కోటు విప్పి కొక్కేనికి తగిలించింది.

"నిన్నే. ఏం రాసుంది?"

"సంఘం వాళ్లు తప్ప ఎవరూ చేపలు పట్టకూడదని" అంది. "అంత పొద్దున్నే ఎవరూ రారనుకున్నాను."

ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, ఏరు దాటాక బోడిమల్లయ్య! ఈ సామెత నేను వందసార్లు అనుంటాను. నా ఒడిలో పెరిగిన పిల్ల గురించి అనాల్సి వస్తుందనుకోలేదు. అయినా కోపం దిగమింగాను. ఎందుకంటే తెల్లవారితే అన్నప్రాసన. నేను వచ్చింది ఆ ఒక్క ముద్ద కోసం.

పొద్దున్నే స్నానం చేసి, కొత్త పంచె కట్టుకుని మేడ మీద గదిలోంచి దిగబోతుంటే, మెట్ల మీద ఎదురొచ్చింది.

"అన్నయ్యా, ఆ పెద్దాయన్ని ముందే పిలిచాం. వస్తున్నాడు. నువ్వు కిందికి రాకు."

"రాకపోతే ముద్ద ఎవరు పెడతారే?"

"మా ఆయన ఫ్రెండు శ్యాంబాబు గారు. నాకు వరసకి అన్నయ్యే అవుతారు."

"వరసకా!" అన్నాను. కొట్టాలనిపించింది. జీవితంలో దాని మీద చెయ్యెత్తలేదు, అప్పుడూ ఎత్తలేదు. గదిలోకెళ్లి తలుపేసుకున్నాను.

కింద నవ్వులు వినపడ్డాయి. పాప ఒకసారి ఏడ్చింది, తర్వాత అందరూ చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నం దుర్గ కంచం తెచ్చి గుమ్మంలో పెట్టింది. కొన్న చేప పులుసు. ముట్టుకోలేదు. పంచె విప్పి మడతపెట్టి పెట్టెలో పెట్టుకున్నాను. ఆ తర్వాత నాలుగో రోజు బయల్దేరాను. ఎయిర్‌పోర్టులో దుర్గ నా కాళ్లకి దండం పెట్టబోతే పక్కకి జరిగాను.

మొగల్తూరులో ఆటో దిగేసరికి, మా అమ్మ అప్పాయమ్మ అరుగు మీద నలుగురు ఆడవాళ్లని కూర్చోబెట్టుకుని ఫోన్ చూపిస్తోంది. దుర్గ ఫోటో పంపిందట. పాప ముఖం, వెండి చెంచా, పాయసం, ఆ చెంచా పట్టుకున్న మగచెయ్యి. చెయ్యి మణికట్టు దాకానే ఉంది. మిగతాది కత్తిరించేసింది. "అమ్మా, అన్నయ్య ముద్ద పెడుతున్నాడు చూడు" అని కింద దాని గొంతు కూడా పంపింది. అమ్మ దాన్ని వీధంతటికీ వినిపిస్తోంది.

నన్ను చూడగానే అమ్మ లేచి, నా చెయ్యి పట్టుకుని తన బుగ్గకి ఆనించుకుంది. మళ్లీ ఫోన్ కళ్లకి దగ్గరగా పెట్టుకుంది.

"ఒరేయ్ సత్తియ్యా, ఈ ఫోటోలో ఎంత తెల్లబడ్డావురా!" అంది మురిసిపోతూ.

ఆడవాళ్లంతా నా వైపు చూస్తున్నారు.

"అవునమ్మా. అక్కడ ఎండ ఉండదు" అన్నాను.