నా మాటలకు మావయ్య చేతిరాత

పుస్తకం బుధవారం వచ్చింది. ఎనిమిది వందల పేజీల ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు, మొదటి సంపుటం. అట్ట మీద మావయ్య పేరు ఒక్కటే ఉంది. నాది లోపలి పేజీలో ఉంటుందిలే అనుకున్నాను. అక్కడా లేదు. ముందుమాట చివర, కాగితం అమ్మిన దుకాణదారుకీ, ఇంట్లో సందడి లేకుండా చూసుకున్న అత్తయ్యకీ ధన్యవాదాలు చెప్పాక, ‘కార్డులు వరుసలో సర్దిపెట్టిన మా మేనకోడలికి ఆశీస్సులు’ అని ఒక ముక్క పారేశాడు.

ఆరేళ్ల మధ్యాహ్నాలు ఆ ఇంట్లో కూర్చుని రాసినదాన్ని. ఆశీస్సులతో సరిపెట్టేశాడు.

పైగా సోమవారం నాకు ఇంటర్వ్యూ. విశ్వవిద్యాలయం నిఘంటు శాఖలో సహాయ సంపాదకుల పోస్టు ఒకటి ఖాళీ అయింది. పదమూడేళ్లుగా ట్యూషన్ సెంటర్‌లో అవే పాఠాలు చెప్పి చెప్పి గొంతు అరిగిపోయింది నాకు. ఆ కుర్చీ నాకు కావాలి. దాచుకోవడం దేనికి, ఏడాదిగా దాని గురించే కలలు కంటున్నాను. వాళ్లు అడిగేది ఒక్కటే. అచ్చయిన నిఘంటువు దేనిలోనైనా స్వయంగా రాసినట్టు ఆధారం.

ఆధారం ఎందుకు లేదో తెలియాలంటే మా పని తీరు చెప్పాలి. ఒక్కో ఇంగ్లీషు మాటకి అర్థమూ, వివరణా, ఉదాహరణా నేను తెల్ల కార్డు మీద రాస్తాను. మావయ్య చదివి, దాన్ని పసుపు కార్డు మీదకి తన చేతిరాతతో ఎక్కిస్తాడు. కంపోజ్ చేసేవాళ్లకి ఆ రాతే అలవాటట. ఎక్కించడం అయిపోగానే తెల్ల కార్డు చింపెయ్యాలి. “ఒక మాటకి రెండు కార్డులుంటే తప్పు దూరుతుంది అమ్మడూ” అనేవాడు. నిజమే. నిఘంటువు పని చేసేవాళ్లకి పాత ప్రతి కనబడితే ఒళ్లు జలదరిస్తుంది. నాకూ అంతే. ఒక్కటీ మిగలకుండా నా చేతులతో నేనే చింపాను. మావయ్య మరిచిపోయిన రోజున గుర్తుచేసి మరీ చింపాను. ఇంత తెలివైనది లోకమంతా గాలించినా దొరకదు.

మొదట్లో తనూ రాసేవాడు. తేలిక మాటలన్నీ అయిపోయి, రోజూ నోట్లో నలిగే క్రియలు చివరికి మిగిలాయి. అసలు కష్టం వాటితోనే. అప్పటికి మావయ్య దిద్దడం కూడా మానేసి ఎక్కించడం దగ్గరే ఆగిపోయాడు.

‘అడ్మైర్’ అన్న ఒక్క మాట నన్ను పదకొండు రోజులు తిప్పలు పెట్టింది. మెచ్చుకోవడం అని రాసేద్దామంటే, మెచ్చుకోవాలంటే నోరు విప్పాలి. అడ్మైర్ చెయ్యడానికి నోరు మూసుకుని కూర్చున్నా చాలు. గౌరవించడం అందామా, పై అధికారి రాగానే లేచి నిలబడమంటే నిలబడతాం, అది గౌరవమే. ఎవరు ఆజ్ఞాపించినా అడ్మిరేషన్ మాత్రం పుట్టదు. అభిమానానికి కారణం అక్కర్లేదు. దీనికి కావాలి. ఆ మనిషిలో ఫలానాది గొప్ప అని కళ్లు తెరిచి చూడాలి. పడనివాడి విషయంలోనూ ఇది సాధ్యమే, మనసు ఒప్పుకోకపోయినా కళ్లు ఒప్పుకుంటాయి. కొండ ముందో, కొత్త మేడ ముందో అలా చూస్తూ నిలబడిపోవడానికీ ఇదే మాట. చివరికి ‘గుణాన్నో పనినో చూసి మనసులో గొప్పగా ఎంచు’ అని రాసి, కింద ఈ తేడాలన్నీ నాలుగు వాక్యాల్లో పెట్టాను. మేనమామ ఓర్పును మనసులో గొప్పగా ఎంచిన ఒక స్త్రీ గురించిన వాక్యం ఉదాహరణగా ఇచ్చాను. ఆ స్త్రీ నేనే.

మావయ్య చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “నేనైతే ఇలా రాయలేను అమ్మడూ” అన్నాడు. ఆ సాయంత్రం నా కాళ్లు నేల మీద లేవు.

పుస్తకం పట్టుకుని గురువారం పొద్దున్నే వెళ్లి అడిగాను.

“నా పేరేది మావయ్యా?”

“ప్రెస్ వాళ్ల నిర్వాకం. నేను ఇచ్చిన పేజీ ఒకటి, వాళ్లు వేసింది ఒకటి. రెండో ముద్రణలో సరిచేయిస్తాలే.”

“సోమవారం ఇంటర్వ్యూ ఉంది.”

“ఆ మాత్రం తెలీదా నాకు? ఆ శాఖ హెడ్డుకి నేనే ఉత్తరం రాసిస్తాను. పుస్తకంలో పేరు కంటే నా మాటకే బరువెక్కువ.”

మర్నాడు కవరు అంటించి చేతికిచ్చాడు. విప్పి చూడాలని తోచనైనా తోచలేదు. పుస్తకం చూశాక కూడా నమ్మాను. నా మొహం.

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురున్నారు. మధ్యలో హెడ్డు మేడమ్, జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న పెద్దావిడ. బల్ల మీద మా నిఘంటువే ఉంది. ఆవిడ చీటీ పెట్టిన పేజీ తెరిచి, “ఇక్కడ చేరినవాళ్లెవరైనా ఇలా రాయగలగాలి. ‘అడ్మైర్’ చూడండి. ‘గౌరవించు’ అనే అర్థం ఇందులో ఎందుకివ్వలేదో చెప్పగలరా?” అని అడిగారు.

గడగడా చెప్పాను. అధికారి ముందు నిలబడటం గురించీ, పడనివాడి గురించీ, కార్డులో చోటు చాలక వదిలేసిన మరో రెండు సంగతుల గురించీ. పక్కనున్నాయన రాసుకోవడం ఆపి వింటున్నాడు.

“మీ మావయ్యగారి పుస్తకం బాగా చదివారు” అన్నారు మేడమ్.

“చదవడం కాదండీ. అది రాసింది నేనే.”

ఆవిడ మొహంలో జాలి కనబడింది. పక్కాయన వైపు ఒకసారి చూసి, నేను తెచ్చిన కవరులోంచి ఉత్తరం తీసి నా ముందుకి జరిపారు. చక్కటి చేతిరాత, ఆరేళ్లుగా నా మాటలన్నీ వేసుకున్న చేతిరాత. ‘మా మేనకోడలికి ఇంగ్లీషు అంతంతమాత్రం. ప్రతులు ఎక్కించే పని ఇస్తే మాత్రం ఒక్క అక్షరం పోనివ్వదు. కొన్ని ఎంట్రీలు తానే రాశాననే భ్రమ ఒకటి ఉంది పాపం, తమరు ఎదురు చెప్పి నొప్పించకండి.’

ఏం చెప్పినా ఆ భ్రమ కిందకే వస్తుంది. నా నోటికి ముందే తాళం వేసి, ఆ తాళం నా చేత్తోనే పంపించాడు.

“ఎవరైనా చూసినవాళ్లు ఉన్నారా అమ్మా, మీరు రాస్తుండగా?” అని మేడమ్ మెల్లగా అడిగారు. “ఉంటే రేపటిలోగా నాకొక ఫోన్ చేయించండి.”

ఉన్నారు. అక్కడినుంచి తిన్నగా మావయ్య ఇంటికే వెళ్లాను. లోపలికి అడుగుపెడుతూనే ఉత్తరం గురించి నిలదీశాను. మావయ్య బుకాయిస్తాడేమో అనుకున్నాను. బుకాయించలేదు.

“నువ్వు ఆ ఉద్యోగానికి వెళ్లిపోతే రెండో సంపుటం ఎవరు చేస్తారు? నా వయసెంతో చూశావా?” అన్నాడు. “నిన్ను నేను ఎంత అడ్మైర్ చేస్తానో నీకు తెలీదు అమ్మడూ.”

ఆ మాట ఆ నోట విన్నాక మావయ్యతో ఇక మాట్లాడేదేమీ లేదు. అత్తయ్య వైపు తిరిగాను. ఆరేళ్లూ అదే గదిలో, అదే మూల, కుట్టుమిషన్ ముందు కూర్చున్న మనిషి. నాకు టీ తెచ్చిచ్చి, ‘రాసి రాసి వేళ్లు వాచాయే తల్లీ’ అని నూనె రాసిన మనిషి.

“అత్తయ్యా, ఒక్క ఫోన్ చెయ్యి. నువ్వు చూసింది చెప్తే చాలు.”

అత్తయ్య గుడ్డని సూది కింద సరిచేసుకుంది. మావయ్య వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు.

“నాకు ఇంగ్లీషు రాదు కదే. ఎవరు ఏం రాశారో నాకేం తెలుస్తుంది?”

“పెన్ను ఎవరి చేతిలో ఉందో చూడటానికి ఇంగ్లీషెందుకు?”

సమాధానంగా మిషన్ తిరిగింది. మావయ్య మోసానికి కోపం వచ్చిందిగానీ, ఆ మిషన్ చప్పుడుకి ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చి చెప్పులు వెతుక్కుంటున్నాను. మిషన్ ఆగింది. అత్తయ్య గుమ్మం దాకా వచ్చి, వెనక్కి ఒకసారి చూసి, లోపలికి వినబడకుండా గొంతు తగ్గించింది.

“రేపు వస్తావుగా? నువ్వు లేకపోతే ఆయనకి ఒక్క ముక్క కూడా రాయడం రాదే.”