వంక పెట్టని ఇల్లు

మా ఇంట్లో తిండికి వంక పెట్టరు. అది మావయ్యగారు పెట్టిన నియమం. అందరం కూర్చుని, కళ్ళు మూసుకుని, ఇచ్చినవాడికి దండం పెట్టుకున్నాక పళ్ళెంలో ఏది ఉంటే అది తినడమే. ఉప్పెక్కువైనా, అడుగంటినా, సగం ఉడికినా ఒక్క మాట అనకూడదు. మొహం చిట్లించడం కూడా తప్పే.

చిత్రమేమిటంటే మావయ్యగారు జీవితమంతా తప్పులు పట్టుకునే బతికారు. ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవారు. ఉద్యోగం మానేసి ఎన్నో ఏళ్ళయినా ఆ కన్ను మాత్రం పని మానలేదు. మందు పెట్టె మీద, కరెంటు బిల్లు మీద, పళ్ళకొట్టువాడి సంచీ మీద ఎక్కడ అచ్చుతప్పు కనిపించినా ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టాల్సిందే. మా పెళ్ళి కార్డులోనూ సున్నాలు చుట్టారట. అందులో ఒకటి సరిగ్గా నా పేరు మీద పడిందని మా ఆయన ఇప్పటికీ ఆటపట్టిస్తుంటారు.

అలాంటి మనిషి పళ్ళెం ముందు మాత్రం నోరు మెదపరు. కాపురానికి వచ్చిన కొత్తలో కూరలో కారం ఎక్కువేసి ఇంటిల్లిపాదినీ ఏడిపించాను. మావయ్యగారు కళ్ళు తుడుచుకుంటూనే మొత్తం తినేసి, చల్లగా ఉండు తల్లీ అని లేచి వెళ్ళిపోయారు. ఎంత అదృష్టవంతురాలినో అనుకున్నాను. ఆ నియమం నాకు ఏనాడూ బరువనిపించలేదు, నాకు జ్వరం వచ్చేదాకా.

ఆ జ్వరం పెద్దదేమీ కాదు. వచ్చింది, తగ్గింది. పోతూ పోతూ వాసననీ రుచినీ వెంటబెట్టుకుపోయింది. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, నరాల సంగతి గట్టిగా చెప్పలేమన్నారు డాక్టరుగారు. సరేనన్నాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఇప్పుడు ఏడవాలి కాబోలు అనుకున్నాను. ఏడుపు రాలేదు. దుకాణాల బోర్డులు చదువుకుంటూ ఇల్లు చేరాను.

ఒకరోజు పొయ్యి మీద పాలు పెట్టుకుని ఆ పక్కనే నిలబడి బట్టలు మడతపెడుతున్నాను. పాలు పొంగి, ఇగిరి, గిన్నె నల్లగా మాడింది. పక్కింటావిడ తలుపు బాదితే గానీ తెలియలేదు. ఇల్లంతా పొగ కమ్మేసింది. ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని కిటికీలు తీస్తుంటే, ఎవరి ఇల్లో చూస్తున్నట్టు చూశాను. దేవుడి ముందు కూర్చున్నా అంతే. నోటికి మాటలు వచ్చేవి. మనసు వచ్చేది కాదు.

మా ప్రార్థన మందిరంలో వారానికొకసారి ప్రార్థన అయ్యాక అందరం కలిసి భోంచేస్తాం. తలా ఒకటి వండి తెస్తాం. బన్నులు నా వంతు. అరచేతిలో ఇమిడేవి, మెత్తగా, కాస్త తియ్యగా ఉండేవి, కూరలోకైనా సూపులోకైనా పనికొచ్చేవి. పాటకు హార్మోనియం వాయించే పెద్దాయన రెండు తిని, ఇంకో రెండు చొక్కా జేబులో వేసుకునేవారు. జేబుకి వెన్న అంటిందని వాళ్ళావిడ నాతో కయ్యానికి వచ్చేది.

నాకు పాట రాదు. నలుగురి ముందు చదవమంటే తడబడతాను. దేవుడికి నేనిచ్చేది ఏదైనా ఉందంటే ఆ బుట్టెడు బన్నులే.

వాటిని మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. గోరువెచ్చటి పాలలో పంచదారా ఈస్టూ వేసి నురగ కట్టేదాకా ఆగాలి. అందులో మైదా, గుడ్డు, వెన్న వేసి, పిండి చేతిని వదిలేసి చెవితమ్మెలా మెత్తబడేదాకా పిసకాలి. తడిబట్ట కప్పి పొంగనివ్వాలి. ఉప్పుకి మాత్రం కొలత లేదు. అరచేతి గుంటలో కాస్త తీసుకుని వేసి, చిటికెడు పిండి నాలుక కొసన పెట్టుకోవాలి. నాలుక అడిగితే ఇంకాస్త వెయ్యాలి, ఇక చాలంటే ఆపాలి. పొంగడానికీ గడియారం లేదు. బట్ట ఎత్తి వాసన చూస్తే తెలిసిపోయేది.

జ్వరం తగ్గాక మళ్ళీ చెయ్యడం మొదలుపెట్టినప్పుడు చేతులకి అన్నీ తెలుసులే అనుకున్నాను. బన్నులు ఎప్పటిలాగే పొంగాయి, ఎర్రగా కాలాయి. పైన వెన్న రాస్తే నిగనిగలాడాయి. బుట్ట మాత్రం సగానికి పైగా తిరిగొచ్చింది. జనం తక్కువ వచ్చారేమో అనుకున్నాను. మరుసటి వారమూ అంతే. హార్మోనియం పెద్దాయన జేబు తడుముకుంటూ నా వైపు చూడకుండానే వెళ్ళిపోయారు.

మందిరంలో వంటశాల చూసేది పెద్దక్క. పేరు వేరే ఉంది గానీ ఎవరూ వాడరు. గిన్నెలు తోమే చోట నన్ను పక్కకి పిలిచి, అప్పటికే ఆరిన పళ్ళాన్ని మళ్ళీ తుడుస్తూ మాట్లాడింది.

"చెల్లీ, జ్వరపడి లేచావు. కొన్నాళ్ళు ఊపిరి పీల్చుకో. బన్నులు బేకరీ నుంచి తెప్పిస్తాలే."

ఏం బాలేవని అడిగాను. అయ్యో, ఎంత బావున్నాయోనంటూ పళ్ళెం తుడిచింది. వచ్చే వారం ఒక్క బుట్ట తెస్తాననీ, అదీ మిగిలిపోతే ఆ తర్వాత ఆమె ఇష్టమనీ చెప్పాను. బేకరీవాడికి ముందురోజు సాయంత్రంలోగా చెప్పాలని, అప్పటికి ఏదో ఒకటి తేల్చుకోమంది. ఇంటికి నడుస్తూ, ఇక ఇది కూడా పోతుంది కాబోలు అనుకున్నాను. బాధ కలగలేదు. బాధ ఉండవలసిన చోటు మాత్రం తెలుస్తోంది, పన్ను ఊడిన సందులా.

మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. తిరిగొచ్చిన బన్నుల్లోంచి ఒకటి ఇచ్చి నిజం చెప్పమన్నాను. చాలాసేపు నమిలి, నీళ్ళు తాగి, బాగుందన్నారు. ఎలా బాగుందంటే ఎప్పట్లాగే అన్నారు.

"లిఫ్టు కిందికి పడిపోతుంటే ఎక్కినవాళ్ళకి పైకి పోతోందని చెబుతారా?" అన్నాను.

"వాళ్ళు భయపడకుండా ఉంటారంటే చెబుతాను" అని, ఇంకో గ్లాసు నీళ్ళు తాగారు.

ఆ పూట భోజనాల దగ్గర దండాలు అయ్యాక నేనే నియమం దాటాను. మావయ్యగారి పళ్ళెంలో బన్ను పెట్టి, ఆయన మొదటి ముక్క మింగేదాకా ఆగి అడిగాను.

"మావయ్యా, నాకిప్పుడు నాలుక లేదు. ముక్కూ లేదు. ఇందులో ఏం తప్పుందో మీరు చెప్పకపోతే నాకు తెలిసే దారి లేదు."

మా ఆయన తల వంచుకుని కూర కలుపుకున్నారు. మావయ్యగారు బన్నులో మిగిలిన భాగాన్ని మెల్లగా తిన్నారు. పళ్ళెంలో రాలిన తునకలు కూడా వేలితో అద్దుకుని తిన్నారు. చల్లగా ఉండు తల్లీ అని లేచి చెయ్యి కడుక్కున్నారు.

తర్వాత మా ఆయన కాస్త కోప్పడ్డారు. ఈ వయసులో ఆయన చేత నియమం తప్పించడం ఏమిటన్నారు. అప్పుడే ఆ నియమం ఎక్కడిదో చెప్పారు. చిన్నప్పుడు మావయ్యగారు రొట్టె ఎండిపోయిందని పారేశారట. వాళ్ళమ్మ దాన్ని నేల మీంచి తీసి, ఊది తినేసిందట. అది ఆవిడ వాటా రొట్టె అనీ, ఆ పూటకి ఆవిడకి ఇంకేమీ లేదనీ ఆయనకి తర్వాత తెలిసిందట. ఆనాటి నుంచి తిండి మీద మాట అనలేదు.

విన్నాను. ఆ తల్లి మొహం ఊహించుకోబోయాను. ఊది తినడం వరకే కనిపించింది. వంక పెట్టకపోవడం ఆకలి ఎరిగినవాడి మర్యాద, కాదనను. కానీ వండేదానికి రుచి తెలియనప్పుడు ఆ మర్యాద ఎవరికి చెందుతుంది? బాలేనిదాన్ని బాగుందని అంటే పైనున్నవాడు సంతోషిస్తాడా, లేక ఆయన కూడా నీళ్ళు తాగి ఊరుకుంటాడా? నాకు తెలియలేదు. అడగడం తప్పు కాదేమో అనిపించింది, అంతే.

ప్రార్థనకు ముందురోజు మధ్యాహ్నం ఒక వాయి చేసి చూద్దామని పిండి కలిపాను. మొదటి ట్రే ఓవెన్లోంచి తీసి గట్టు మీద పెడుతుండగా మావయ్యగారు వంటింటి గుమ్మంలో కనిపించారు. ఆయన ఎప్పుడూ వంటింట్లోకి రారు. మంచినీళ్ళు కావాలన్నా బయటి నుంచే అడుగుతారు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని ఉన్నారు. నేను అడిగిన పూట నుంచీ ఆలోచిస్తున్నట్టున్నారు, గొంతు సవరించుకున్నారు.

"ఇంకా దండం పెట్టుకోలేదు కదమ్మా?"

"లేదు మావయ్యా. ఇంకా వడ్డించనేలేదు."

"అయితే ఇది భోజనం కాదు. ప్రూఫు" అని లోపలికి వచ్చారు.

ఒక బన్ను తీసుకుని రెండుగా విరిచారు. కిటికీ వెలుతురులో పెట్టి చూశారు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. నిలబడే చిన్న ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకున్నారు.

"ఉప్పు లేదు. పోయినసారీ లేదు, అంతకుముందూ లేదు. జ్వరం వచ్చినవాడికి పోసే గంజిలా ఉంది."

"ఇంకా?"

"కొంచెం పులుపు. పిండిని ఎక్కువసేపు వదిలేస్తున్నావు. నీకు వాసన తెలియడం లేదు కదా మరి."

గట్టుకి ఆనుకుని నిలబడ్డాను. అరచేతి గుంటలో నేను వేసే ఉప్పు మొదటి దఫా మాత్రమే. ఆ తర్వాత ఇంకా ఎంత కావాలో ఎన్నడూ చేతికి తెలియదు, అది నాలుక అడిగి వేయించుకునేది. అడిగేవాళ్ళు లేకపోయేసరికి చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇన్ని వారాలుగా సగం పని చేసి బుట్టలో పెట్టుకుని వెళ్ళాను. అందరూ బాగుందన్నారు. ఇంట్లో నియమం కొద్దీ, మందిరంలో జాలి కొద్దీ.

కొత్తగా పిండి కలిపాను. చిటికెడు తీసి మావయ్యగారి వేలి మీద పెట్టాను. పచ్చిపిండి నోట్లో పెట్టుకోగానే ఆయన మొహం ఆముదం తాగిన పిల్లాడిలా అయింది. ఇన్నేళ్ళలో ఆ మొహం అలా ముడుచుకోవడం నేను చూడలేదు. ఇంకొంచెం అన్నారు. వేశాను. మళ్ళీ రుచి చూసి, ఇంకొంచెం అన్నారు. ఆ తర్వాత ఆగమన్నారు. పొంగడానికి పెట్టాక స్టూలు లాక్కుని గిన్నె పక్కనే కూర్చున్నారు. మాటిమాటికీ తడిబట్ట కొస ఎత్తి, నిద్రపోతున్న పసిబిడ్డని చూసినట్టు వంగి వాసన చూశారు. పాల వాసన పోయి పండిన పండు వాసన వస్తోందనీ, ఇక చాలనీ ఆయనే చెప్పారు. ఉండలు చేసి, మళ్ళీ కాస్త పొంగనిచ్చి, కాల్చి తీశాను.

ఈసారి ఒకటి పూర్తిగా తిన్నారు. తిని వెంటనే ఇంకోటి తీసుకున్నారు. నేను ఆయన నోటి వైపే చూస్తున్నాను.

"ఉప్పు సరిపోయింది. వాసనా సరిగ్గా ఉంది" అన్నారు. తర్వాత బన్ను తిరగేసి గోటితో కొట్టారు. "అడుగు మాత్రం గట్టిపడింది. మొన్నటివాటికీ ఇంతే. అసలు నీ రొట్టెలన్నిటికీ అడుగు గట్టే. కాపురానికి వచ్చినప్పటి నుంచీ. ఆ గుమ్మడికాయ కూర ఒకటి చేస్తావు చూడు, అందులో..."

"అడుగు గట్టిపడటం నా తప్పు కాదు మావయ్యా" అన్నాను. "మీరు బేరమాడి తెచ్చిన ఆ పాత ఓవెన్ది. కింద కమ్మీ ఎర్రగా కాలుతుంది, పైది వెలగదు. బాగుచేయించమని ఎన్నిసార్లు చెప్పాను? లిఫ్టులు బాగుచేసే మనిషి ఇంట్లో ఉండి ఓవెన్ బాగుపడదు. గుమ్మడికాయ కూర జోలికి రాకండి. అది మీ అబ్బాయికి ఇష్టమని చేస్తున్నాను."

నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. చెవులు వేడెక్కాయి. ఇది కోపమని గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. ఎంత కాలమైందో నాకు ఏదైనా అనిపించి.

మావయ్యగారు బెదిరిపోయారు. బన్ను గట్టు మీద పెట్టేశారు. "నువ్వు నొచ్చుకుంటే మానేస్తానమ్మా" అన్నారు.

"మానకండి" అన్నాను.

వేళ్ళకి పిండి అంటుకునే ఉంది. ఆ చేత్తోనే పెద్దక్కకి ఫోన్ చేసి, బేకరీవాడికి చెప్పొద్దనీ, బుట్ట నేనే తెస్తాననీ అన్నాను. నా మనసు కష్టపెట్టకుండా ఎలా అడగాలా అని వెతుక్కుంటోందని తెలుస్తూనే ఉంది. చివరికి, ఈసారి బాగా కుదిరాయా అని మెల్లగా అడిగింది.

"నాకు తెలియదక్కా" అన్నాను. "ఉప్పు గురించి మాత్రం మావయ్య ఇంకేమీ అనడం లేదు. అడుగు గురించి తిడుతున్నారు."