కట్ట కింద ఎర్ర ఊట

కుడి పాదానికి మట్టి చల్లగా తగలగానే మొగులయ్య ఆగిపోయాడు. నాలుగు రోజుల ముసురులో మట్టి చల్లగా కాక మరెట్లా ఉంటుందని మనకు అనిపిస్తుంది గాని, వాననీళ్ళ చల్లదనం వేరు, కట్ట లోపలినుంచి ఊరివచ్చే నీళ్ళ చల్లదనం వేరు. మొదటిది పాదం దగ్గరే ఆగిపోతుంది. రెండోది మడమలో దిగి పిక్కదాకా ఎక్కుతుంది. నలభై ఏళ్ళుగా చెప్పులు లేకుండా కట్టల వెంబడి తిరిగిన కాళ్ళవి. వాటికి ఒకరు చెప్పవలసిన పనిలేదు.

అతడు వంగాడు. నెత్తిమీద కప్పుకున్న యూరియా సంచి జారి మెడమీద పడింది. కట్ట అడుగున, గడ్డి మొదట్లో, నీళ్ళు బుడబుడమంటూ పైకి వస్తున్నాయి. మొన్న చిటికెన వేలంత ఉన్న ఊట ఇవాళ బొటనవేలు దాటింది. దోసిట్లోకి పట్టి చూశాడు. ఎర్రగా ఉన్నాయి. అరచేతి గీతలు కనిపించలేదు.

"పాక్టరీ నీళ్ళే," అన్నాడు పైకే.

నాలుగు రోజులుగా అదే మాట అంటున్నాడు. అన్న ప్రతిసారీ మళ్ళీ వంగి చూస్తూనే ఉన్నాడు.

మొగులయ్యది నీరటి ఇల్లు. తండ్రి, తాత ఇప్పగూడ చెరువుకు కావలి కాసినవాళ్ళు. కట్ట కింద ఊట కనబడితే నీళ్ళు అరచేతిలో పొయ్యి, గీతలు కనబడితే ఇంటికి పోయి పండుకో, కనబడకపోతే ఊరును లేపు అని తండ్రి నేర్పాడు. చక్కని విద్యే. కాని పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలు వచ్చాక వాగులో నీళ్ళు ఒకరోజు ఎరుపు, ఒకరోజు గోధుమ రంగు, ఒకరోజు ఏ రంగో చెప్పలేని రంగు. గీతలు ఏ కాలంలోనూ కనబడటం మానేశాయి. ఇప్పగూడ చెరువు కూడా ప్లాట్లయిపోయింది. కొలువు లేని నీరటికి వాగుకు అడ్డంగా వేసిన ఈ కొత్త కట్ట మీద వాచ్‌మన్ పని దొరికింది.

ఈ కట్ట ఊరికే రాలేదు. పదేళ్ళలో రెండుసార్లు వాగు ఇప్పగూడ మీదికి వచ్చింది. రెండోసారి కింది వాడలో పదకొండు ఇళ్ళు కొట్టుకుపోయాయి. మొగులయ్య తమ్ముడు మల్లన్న నిద్రలోనే పోయాడు. మూడోనాడు తుమ్మ కొమ్మల్లో దొరికాడు. అప్పటినుంచీ ఊరు ఊరంతా సంగారెడ్డి ఆఫీసుల చుట్టూ తిరిగింది. కట్ట మంజూరైననాడు మొగులయ్య పొర్లుదండాలు పెట్టాడు. పునాదిలో మొదటి గంప మొరం పోసింది కూడా అతడే. అంత మొక్కి తెచ్చుకున్న కట్టను చూసి ఇప్పుడు ఊళ్ళో అందరికంటే ఎక్కువ భయపడేదీ అతడే. వెనకటికి వాగు వచ్చేది, పోయేది. ఇప్పుడు మీద రెండు నిలువుల ఎత్తున నీళ్ళు నిలబడి ఉన్నాయి. కింద అరవై ఇళ్ళు కట్ట ఉందన్న ధైర్యంతో గురకపెట్టి నిద్రపోతున్నాయి. కింది వాడలో మొదటి ఇల్లు అతడిదే. అందులో తుంటి విరిగి మంచం పట్టిన భార్య బక్కమ్మ ఉంది.

అసలు మొగులయ్య పిరికివాడు. దాచేదేముంది, ఊరంతా ఎరుగుదురు. నీళ్ళలో పుట్టి పెరిగిన మనిషి మోకాటిలోతు వాగు దాటడానికి ముగ్గురిని తోడు పిలుస్తాడు. మొన్న ఆషాఢంలో కట్ట వాలులో చెమ్మ చూసి, కట్టకు లోపల బొక్క పడిందనుకుని "బుంగ పడ్డది, ఉరుకుండ్రి!" అని కేకలు పెడుతూ ఊరిమీద పడ్డాడు. అరవై ఇళ్ళవాళ్ళూ వానలో బడి ఉన్న మిట్టమీదికి పరుగులు తీశారు. నర్సింహమ్మ అనే ముసలమ్మ జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. అందరికంటే ముందు మిట్టెక్కినవాడు మొగులయ్యే. తీరా చూస్తే అది కట్ట పని జరిగినప్పుడు తవ్విన గుంతలో నిలిచిన నీళ్ళు. అప్పటినుంచీ అతడు ఎదురుపడితే చాలు, "ఏం మొగులన్నా, ఇయ్యాల పండాల్నా, ఉరకాల్నా?" అని నవ్వులే నవ్వులు. బక్కమ్మకు అదొక నామోషీ. "ఇగ మల్లోసారి ఊరును లేపకు. నలుగుట్ల నన్ను తలెత్తుకోనీయ్," అంది.

అందుకే ఈసారి నాలుగు రోజులు నోరు మూసుకున్నాడు. నిన్న ఇంజనీరు బాపిరాజు గొడుగు వేసుకుని వచ్చి ఊట చూశాడు. "వాగే ఎర్రగా ఉంటే ఊట తెల్లగా ఎలా వస్తుందయ్యా? ఇవి ఫ్యాక్టరీల రంగు నీళ్ళు. నువ్వు భయపడి ఊరిని భయపెట్టకు," అన్నాడు. చెడ్డవాడేం కాదు, ఉన్న మాట అన్నాననే అనుకున్నాడు. మొగులయ్యకు ప్రాణం లేచివచ్చింది. పాదం చెప్పిన మాట పక్కన పెట్టి ఆ మాట పట్టుకున్నాడు.

పది గంటలకు జహూర్ లూనా వేసుకుని వచ్చాడు. తూము తలుపులు ఎత్తి దించే పని అతడిది. ఆ రోజు ఆగస్టు పదిహేను. ఏదో ఫ్యాక్టరీ గేటు దగ్గర జెండా ఎగరేస్తే రెండు లడ్డూలూ, సీసాలో చాయ్, రెండు గాజు గ్లాసులూ తెచ్చాడు.

"ఏంది మొగులన్నా, గంత పరేషాన్ మొహం పెట్టినవ్? జెండా పండుగ గదా, లడ్డు తిను."

"ఊట పెద్దగైంది, జహూర్."

"ఇంజనీర్ సాబ్ చూసిపోయిండు గదా. పాక్టరీ నీళ్ళన్నడు."

"నేను గూడ గదే అంటున్న." చాయ్ తాగిన గ్లాసును వంగి ఊటలో ముంచి తీశాడు. "చూడు, ఎంత ఎర్రగున్నయో."

జహూర్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "వాసన లేదేంది? మా ఇంటెన్క పాక్టరీ మోరీ కాడ నిలబడితే ముక్కు పగుల్తది." గ్లాసును తూము గోడమీద పెట్టి బీడీ వెలిగించాడు. "ఇంగోటి, మూడు దినాలాయె, గాలివానకు కరెంటు లేక పాక్టరీలన్ని బంద్ పడ్డయి. రంగు యాడికెల్లొస్తది?"

మొగులయ్య చేతిలో లడ్డూ అట్లాగే ఉంది. జహూర్ తూము తలుపులు పూర్తిగా ఎత్తినా నీళ్ళు తగ్గడం లేదని, మధ్యాహ్నానికి అలుగు పారుతుందేమోనని చెబుతున్నాడు. మొగులయ్యకు వినబడటం లేదు. గ్లాసునే చూస్తున్నాడు. బీడీ సగం కాలేసరికి గ్లాసులో పైనీళ్ళు తేటబడ్డాయి. అడుగున రెండు వేళ్ళ మందాన ఎర్రగా పేరుకుంది. అతడు వేళ్ళు ముంచి దాన్ని తీసి బొటనవేలితో నలిపాడు. గరగరలాడింది. సన్నటి మొరం. తను పునాదిలో పోసిన మొరం.

"రంగయితే అడుక్కు దిగదు, జహూర్," అన్నాడు. "ఇది కట్ట. నీళ్ళు కట్టను లోపల్లోపల తినుకుంట వస్తున్నయి. నాలుగు దినాల్నుంచి తింటుంటే నేను చూసుకుంట కూసున్న."

అంటూనే లేచి కట్ట మీదికి పరుగెత్తాడు. లూనా దాకా పోయి దాని సీటు పట్టుకున్నాడు. అవతల పక్క నీళ్ళు కట్ట అంచుకు మూరెడు కిందుగా నిండి కదులుతున్నాయి. ఇవతల కింద ఇప్పగూడ పెంకుటిళ్ళు, ఒకటి రెండు పొయ్యిల పొగ. మల్లన్న తుమ్మ కొమ్మల్లో ఎట్లా వేలాడాడో కళ్ళ ముందు నిలిచింది. ఉరకాలి. ఈ క్షణమే ఉరకాలి. కాని ఊరు మిట్టెక్కడానికి తక్కువలో తక్కువ రెండు గంటలు పడుతుంది. నమ్మించడానికి ఎంతసేపు పడుతుందో దేవుడికే తెలియాలి. బుంగ అన్ని గంటలు ఆగదు. ఎవరో ఒకరు ఆపాలి. ఎట్లా ఆపాలో జహూర్‌కు తెలియదు. లూనా నడపడం మొగులయ్యకు రాదు.

"నువ్వు పో," అన్నాడు. "అందర్ని మిట్టెక్కియ్. బక్కమ్మను మంచం తోటే మోపియ్యి, నడ్వలేదు."

"నువ్వు రావా?"

"రాను."

"నువ్వు చెప్తేనే నవ్విర్రు, నేను చెప్తే నమ్ముతరా అన్నా?"

"నాకు తెల్వదు జహూర్. జల్దీ పో, నీ కాళ్ళు మొక్కుత!"

లూనా చప్పుడు దూరమైంది. ఇక అక్కడ అతడూ నీళ్ళూ తప్ప ఎవరూ లేరు.

తెలియనివాళ్ళయితే బుంగకు అడ్డంగా మట్టి కుక్కుతారు. కుక్కితే నీళ్ళు ఇంకోచోట పొడుచుకొస్తాయి. నీళ్ళను రానివ్వాలి, మట్టిని రానివ్వకూడదు. మొగులయ్య తన కావలి గుడిసె దగ్గర మిగిలిన ఇసుకకుప్పనుంచి గంపెడు తెచ్చి ఊటమీద పోశాడు. ఊట దాన్ని ఉఫ్‌మని చిమ్మేసింది. మళ్ళీ తెచ్చాడు. మళ్ళీ చిమ్మేసింది. బుంగ ఇప్పుడు పిడికిలంత అయింది. "అయ్యో నాయినా, అయ్యో నాయినా," అని ఏడుస్తూనే గుడిసెలోకి పరుగెత్తాడు. చలికి కప్పుకునే నల్ల గొంగడి పరుపు మీద ఉంది. లాక్కొచ్చి నాలుగు మడతలు వేసి ఊటమీద పరిచాడు. అది ఉబ్బి లేవబోతే దానిమీద పడుకున్నాడు. ఛాతీ కింద నీళ్ళు కొట్టుకుంటున్నాయి. ఒక చేత్తో అంచులమీద రాళ్ళు పెట్టాడు. ఉన్ని నీళ్ళను వదిలి మట్టిని పట్టింది. అప్పుడు లేచి దానిమీద ఇసుక, ఇసుకమీద చిన్న కంకర, ఆపైన పెద్ద రాయి.

ఎన్ని గంపలు మోశాడో లెక్కలేదు. ఎడమ చెయ్యి భుజం దగ్గర లాగడం మొదలైంది. గంపను కుడి భుజానికి మార్చుకున్నాడు. భయం తగ్గిందా అంటే తగ్గలేదు. మట్టి జారిన చప్పుడైనప్పుడల్లా చచ్చిపోయాననుకున్నాడు. ఉరకడానికి కాలు లేస్తుంటే గంప దిక్కు తిప్పుకున్నాడు. నడుమ నడుమ ఊరి దిక్కు చూశాడు. చాలాసేపు ఎవరూ కదల్లేదు. నవ్వుతున్నారేమో. ఈసారి కూడా నవ్వుతున్నారేమో.

ఎప్పటికో వానతెరల్లో మిట్ట దారిమీద చుక్కలు కనిపించాయి. మనుషులు, బర్రెలు, నెత్తిన మూటలు. నడుమ నలుగురు మోస్తున్న మంచం. మొగులయ్య గంప దించి, మంచం బడి వెనక మరుగయ్యేదాకా చూశాడు. తర్వాత కట్ట వాలుకు వీపు ఆనించి కూర్చున్నాడు. కొద్దిసేపు కూర్చుని లేద్దామనుకున్నాడు.

సాయంత్రానికి వాన తెరిపిచ్చింది. జహూర్ పదిమందిని, రెండు ట్రాక్టర్ల కంకరను వెంటబెట్టుకుని వచ్చాడు. కట్టమీదినుంచే కేకలు పెడుతున్నాడు.

"మొగులన్నా! ముందుగాల ఒక్కడు లేవలేదే! మొగులయ్య ఏడీ, అందరికంటె ముందుగాల ఉరికెటోడు ఇయ్యాలెందుకు రాలేదని నవ్విర్రు. కట్ట కాడ్నే ఉన్నడు, రానన్నడు అన్న. ఇగ ఒక్కడు నవ్వలేదు. మొగులయ్యంత పిరికోడు ఉరకకుంట నిలబడ్డడంటే నిజమే అని నర్సింహమ్మ లేసింది. ఆమె ఎన్క ఊరంత లేసింది. వింటున్నవా అన్నా?"

మొగులయ్య వినలేదు. గడ్డం ఛాతీకి ఆని ఉంది. కళ్ళు సగం తెరిచి ఊట దిక్కుకు తిరిగి ఉన్నాయి. జహూర్ భుజం పట్టి కదిలించి, ముక్కు దగ్గర వేలు పెట్టి, పక్కనే బురదలో కూలబడ్డాడు.

మొగులయ్యను మోసుకొచ్చి బడి వరండాలో దింపినప్పుడు బక్కమ్మ మంచంమీదినుంచే చెయ్యి చాపి అతడి పాదాలు పట్టుకుంది. అవి నాని తెల్లబడి ఉన్నాయి.

"చలికి ఆగడు," అంది. "గొంగడేది? గొంగడి కప్పుండ్రి."

"వదినా, గొంగడి ఊటమీదున్నది," అన్నాడు జహూర్. "తీస్తే కట్ట ఉండది."

ఆమె భర్త ముఖంలోకి చూసింది. "తీయకుండ్రి," అంది. తన ఒంటిమీది దుప్పటి తీసి ఇచ్చింది.

మర్నాడు బాపిరాజు తలొంచుకుని నిలబడి పన్నెండు లారీల రాయి దగ్గరుండి పోయించాడు. శ్రావణం దాటి వాగు తగ్గాక కూడా అక్కడ తవ్వడానికి ఎవరికీ చేతులు రాలేదు. రాళ్ళ సందులోంచి నల్ల గొంగడి అంచు జానెడు బయటికి కనిపిస్తుంది. దాని ఉన్ని పోగులమీంచి నీళ్ళు తేటగా కారుతూ ఉంటాయి.