ఈ వారం ఇల్లు బుడంకాయది

మా పక్కవాటా ఆవిణ్ణి వీధంతా గుండీలమ్మ అంటారు. చొక్కాల ఫ్యాక్టరీలో పొద్దస్తమానం గుండీలు కుట్టడం ఆవిడ పని. భర్త పోయేనాటికి ఆఖరిపిల్ల ఇంకా పాకుతోంది. ఇప్పుడు ముగ్గురు పిల్లలు, ఒక గది, గది మూల ఒక వంటగట్టు, గోడలో తలుపున్న ఒక గూడు. ఆ గూట్లో ఏముంటే అదే వారానికి వాళ్ళ ఆస్తి.

ఆదివారం సాయంత్రం గుండీలమ్మ సంచీ మోసుకొచ్చి సరుకులు గూట్లో సర్దుతుంది. బియ్యం, పప్పు, నూనె, పిండి, పంచదార, ఉల్లిపాయలు, ఆ పూట ఏవి చవగ్గా దొరికితే ఆ కూరలు. సర్ది, తాళం వేసి, తాళంచెవి పిల్లల్లో ఒకరి చేతిలో పెట్టి, "ఈ వారం ఇల్లు నీది" అంటుంది. ఆ తరవాత ఏం వండాలో, ఎంత వండాలో, ఏది రేపటికి దాచాలో ఆ పిల్లో పిల్లాడో చెప్పాల్సిందే. తల్లి వండమన్నది వండుతుంది, పెట్టింది తింటుంది. వద్దనదు, సలహా చెప్పదు, మధ్యలో గూడు తెరిచి చూడదు, నింపదు.

పెద్దపిల్ల వారంలో ఆ ఇంట్లో ఉల్లిపాయలు కూడా బిక్కుబిక్కుమంటూ బతుకుతాయి. పిల్లికి బిచ్చం పెట్టే రకం కాదు ఆ పిల్ల. నడిపివాడి వారమంతా బంగాళాదుంపల వేపుడు, బంగాళాదుంపల పులుసు, వాటిలోకి నంజుకోవడానికి మళ్ళీ బంగాళాదుంపలు. ఈ పద్ధతి విని మా ఆయన ముచ్చటపడి, మనింట్లోనూ పెడదామన్నారు. సరేనని వంటింటి పెత్తనం ఆయనకిచ్చాను. మంగళవారం మధ్యాహ్నానికి రాజీనామా చేశారు. అప్పటికి మా వంటింట్లో మిగిలినవి ఆవాలు, ఆయన అభిప్రాయాలు.

నేను కాలేజీలో గృహవిజ్ఞానం చదివాను. సమతులాహారం మీద వ్యాసం రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఆ ధైర్యంతోనే ఒకరోజు అడిగాను.

"పసివాళ్ళ నెత్తిన ఇంత బరువెందుకమ్మా?"

గుండీలమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ తల ఎత్తకుండానే చెప్పింది.

"కలిగినోళ్ళ పిల్లలకి తప్పు చెయ్యడానికి బోలెడంత చోటుంటుంది అక్కా. పడినా కింద పరుపుంటుంది. మావాళ్ళకి ఈ గూడంత చోటే ఉంది. ఇందులోనే పడనీ, ఇందులోనే లేవనీ. పెద్దయ్యాక పడితే లేపేవాళ్ళెవరూ ఉండరు."

నా వ్యాసంలో ఈ ముక్క లేదు. ఉంటే ఇంకో రెండు మార్కులు వచ్చేవి.

ఆ ఇంటికి అప్పుడప్పుడూ వచ్చే చుట్టం ఒక్కతే, పిల్లల మేనత్త. చనిపోయినాయనకి అక్క. ఇనపసామాన్ల కొట్టు నడుపుతుంది. మేడ ఉంది, అందులో మనుషుల్లేక తాళాలు పడిన గదులున్నాయి, పిల్లలు లేరు. మనిషి మంచిదే. నోరు మాత్రం కొట్లో అమ్మే రంపాలకి తీసిపోదు. వచ్చిన ప్రతిసారీ ఒకటే పాట.

"చిన్నదాన్ని నాకిచ్చెయ్యవే. ముగ్గుర్ని నువ్వేం సాకుతావు? నా దగ్గరైతే పువ్వుల్లో పెట్టి పెంచుతాను."

గుండీలమ్మ చాలాకాలం నవ్వి ఊరుకుంది. పోయినసారి మాత్రం నవ్వలేదు.

"నా పిల్లలు పస్తున్న రోజు నీ కళ్ళతో నువ్వు చూడు వదినా. ఆ రోజు నోరెత్తకుండా పంపిస్తాను."

"మాట మీద నిలబడతావా?"

"నిలబడతాను."

ఆడపడుచు వెళ్ళాక చాలాసేపు గిన్నెలు తోమింది గుండీలమ్మ. అవి అప్పటికే తోమిన గిన్నెలు.

ఆ చిన్నదే బుడంకాయ. గుండ్రంగా, పొట్టిగా, ఎక్కడ వదిలితే అక్కణ్ణించి దొర్లుకుంటూ వెళ్ళిపోయే పిల్ల. ఏడోయేడు రాగానే దానికీ వంతు వచ్చింది. తాళంచెవి తాడుకి కట్టి మెళ్ళో వేసుకుని, మొదటి సాయంత్రం వీధి ఈ చివర్నించి ఆ చివరిదాకా తిరిగొచ్చింది. పెళ్ళికూతురు కూడా అంత నెమ్మదిగా నడవదు.

మర్నాడు బడి నుంచి ఒక్కతే రాలేదు. వెనకాల వీధిలో సగం పిల్లలున్నారు. అప్పుడే పని నుంచి వచ్చిన తల్లి చెప్పులింకా విప్పలేదు.

"అమ్మా, అందరికీ పంచదార రొట్టెలు. నూనెలో వేయించినవి. ఒక్కొక్కళ్ళకీ రెండు."

పెద్దపిల్ల నెత్తి కొట్టుకుంది. "నూనంతా అయిపోతుందే! అమ్మా, నువ్వైనా చెప్పవే దానికి!"

గుండీలమ్మ నూనె డబ్బా వైపు చూసింది. వరసగా కూర్చున్న పిల్లల వైపు చూసింది. దవడ ఒకసారి బిగిసింది. కిటికీలోంచి నాకు బాగానే కనిపించింది. ఆ కిటికీ దగ్గర నాకు ఎప్పుడూ ఏదో ఒక పని ఉంటుంది.

"ఈ వారం ఎవరిదే?" అంది పెద్దదాన్ని.

"దానిదే."

"అయితే పిండి కలుపు."

పిల్లలు తిన్నారు. వేళ్ళు నాకారు. వెళ్తూ వెళ్తూ ఒకడు, "రేపు కూడా రమ్మంటారా?" అని మర్యాదగా అడిగాడు. నడిపివాడు వాణ్ణి గుమ్మం దాకా అంతకంటే మర్యాదగా సాగనంపాడు.

తరవాత బుడంకాయని చాటుకి పిలిచి అడిగాను, ఎందుకు చేశావే ఇంత పని అని.

"రోజూ బళ్ళో వాళ్ళ డబ్బాల్లోవి నేను తింటాను పెద్దమ్మా. వాళ్ళేం అడగరు. కానీ నాకు తెలుసు కదా."



రెండు రోజులు తిరిగేసరికి గూట్లో నూనె, పిండి, పంచదార కథ ముగిసింది. కూరలు కూడా వెళ్ళిపోయాయి. భోజనాల వేళ నడిపివాడి గొంతు గోడ దాటి మా ఇంట్లోకి వినపడేది.

"మహారాణీగారూ, ఇవాళ ఏం వంటకం?"

"అన్నం."

"అందులోకి?"

"ఇంకొంచెం అన్నం."

పెద్దపిల్ల మూతి ముడుచుకుని తినేది. తల్లి మాత్రం ఏమీ జరగనట్టే తిని, కంచం కడుక్కుని, పాత చొక్కాలకి గుండీలు కుట్టడానికి కూర్చునేది.

నాకు ముద్ద దిగలేదు. గిన్నె నిండా కూర పట్టుకుని వెళ్ళాను. గుండీలమ్మ చెయ్యి చాచలేదు.

"ఈ వారం అడగాల్సింది నన్ను కాదు అక్కా. ఇంటావిణ్ణి అడుగు."

ఇంటావిడ నడుం మీద చేతులు పెట్టుకుని గిన్నెలోకి తొంగి చూసింది. గుటక మింగింది. అయినా బేరానికి దిగింది.

"దీనికి బదులు నేనేం చెయ్యాలి పెద్దమ్మా?"

"ఏం చెయ్యక్కర్లేదే తల్లీ."

"అయితే వద్దులే."

పని కల్పించక తప్పలేదు. ముందురోజే ఏరి పెట్టుకున్న బియ్యం చేటలో పోసి, రాళ్ళేరమని ముందు పెట్టాను. కాసేపటికి రెండు రాళ్ళు తీసి నా అరచేతిలో పెట్టి, "కళ్ళజోడు పెట్టుకుని ఏరాలి పెద్దమ్మా" అని చెప్పి, గిన్నె పట్టుకుని వెళ్ళిపోయింది.

శుక్రవారం సాయంత్రం మేనత్త దిగింది. చెప్పాపెట్టకుండా రావడం ఆవిడ అలవాటు. ఆ వేళకి పిల్లలే ఉన్నారు. గొంతు వినపడగానే నేనూ వెళ్ళాను. చుట్టరికం లేకపోయినా గోడ ఒకటే కదా.

ఆవిడ కూర్చోకముందే గూడు తియ్యమంది. బుడంకాయ మెళ్ళోంచి తాళంచెవి తీసి, తలుపు బార్లా తెరిచింది. దాచాలని ఆ పిల్లకి తోచనే లేదు. మేనత్త ఒక్కొక్క డబ్బా మూత తీసి, వంచి చూసి, ఠంగుమని కింద పెట్టింది.

"నూనె లేదు. పంచదార లేదు. పిండి లేదు. బియ్యం డబ్బాలో గింజ లేదు. పప్పు అడుక్కి అంటుకుంది. ఇదా కాపరం!"

నేను ఊరుకుంటే బాగుండేది. నాకా అలవాటు లేదు. ఒక్క పరుగున వెళ్ళి, మా నూనె సీసా తువ్వాలులో చుట్టుకొచ్చి, ఎవరూ చూడకుండా వాళ్ళ వంటగట్టు చివర పెట్టాను.

"పెద్దమ్మా, ఆ సీసా మీది. మర్చిపోయి మా ఇంట్లో పెట్టేస్తున్నారు" అంది బుడంకాయ, అందరికీ వినపడేలా.

మేనత్త నన్ను పైనుంచి కింది దాకా చూసింది. నా చదువు, వయసు, పరువు, సీసాతో సహా తిరిగి నా చేతికే వచ్చాయి.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో గుండీలమ్మ కనిపించింది. తెరిచిన గూడు, కింద డబ్బాలు, మధ్యలో ఆడపడుచు. చేతిలో సంచీ దింపడం మర్చిపోయింది.

"పోయినసారి అన్న మాట గుర్తుందా?" అంది మేనత్త.

"గుర్తుంది వదినా."

"మరి? ఏమంటావు?"

గుండీలమ్మ ఒకసారి గూటి వైపు, ఒకసారి చిన్నదాని వైపు చూసింది. చిన్నది పిల్లలందరికీ పెట్టేసిందని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. లేదా పరిగెత్తి కొట్టు నుంచి ఏదో ఒకటి తెచ్చినా సరిపోయేది. అసలు గూట్లో ఇంకా ఏముందో ఆవిడకే తెలియదు. చూడకూడదన్న నియమం ఆవిడ పెట్టుకున్నదే. రంగు పోయిన ముఖంతో అలాగే నిలబడి, ఆఖరికి అంది.

"ఈ వారం ఇల్లు దానిది. దాన్నడుగు."

"దీన్నా? ఇంత నిర్వాకం చేసింది ఇదా?"

"నేనే అత్తా, దొంగచాటుగా తినేశాను" అన్నాడు నడిపివాడు, ముందుకొచ్చి.

"కాదు, నేనే పిండీ నూనే పారబోశాను" అంది పెద్దది, వాడి కంటే ముందుకొచ్చి. నాలుగు రోజులుగా చెల్లెల్ని మాటలతో పొడుచుకు తిన్నవాళ్ళు వీళ్ళే.

బుడంకాయకి నిజంగానే కోపం వచ్చింది.

"నా వారంలో మీరెందుకు దూరుతున్నారు? అత్తా, వీళ్ళిద్దరూ అబద్ధాలు చెబుతున్నారు. నేనే మొదటిరోజు అందరికీ పెట్టేశాను. పెట్టొచ్చు. కానీ అంతా ఒక్కసారే పెట్టకూడదు. కొంచెం పెట్టి కొంచెం దాచాలి. నాకు తరవాత తెలిసింది."

"తెలిసి ఏం లాభం? పస్తులుంటున్నారు!"

"పస్తా? పస్తెందుకుంటాం?" ఆ పిల్లకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు.

గూట్లోకి సగం ఒళ్ళు దూర్చి, మేనత్త చెయ్యి పోనంత లోపలి నుంచి చిన్న చిన్న మూటలు తీసి వరసగా నేలమీద పెట్టింది. ఫ్యాక్టరీలో పనికిరాక పడేసే చొక్కాగుడ్డ పీలికలవి. ఒక్కొక్క మూటలో బియ్యం, పక్కన ఒక్కొక్క ఉల్లిపాయ.

"ఇది ఇప్పటికి. ఇది రేపు పొద్దున్నకి. ఇది రేపు సాయంత్రానికి. ఇది ఎల్లుండికి, కొంచెం తక్కువుంది, గంజి కాచుకుంటాం. ఎల్లుండి సాయంత్రం అమ్మ సరుకులు తెస్తుంది. నంజుకోవడానికే ఏం లేదు. అది వేరే సంగతి."

గుండీలమ్మ సంచీ అప్పటికి దింపింది. దింపి, గుమ్మం పట్టుకుని, ఉన్నచోటే కూర్చుండిపోయింది.

మేనత్త ఒక మూట అరచేతిలో పెట్టుకుని ఎత్తి చూసింది. మేకులు చేత్తోనే తూచి ఇచ్చే మనిషి. రెండోది ఎత్తింది. మూడోది ఎత్తింది.

"సమానంగానే ఉన్నాయే" అంది, ఎవరితోనో అన్నట్టు.

"నువ్వూ తింటావా అత్తా? తినేట్టయితే ఇప్పుడే చెప్పాలి. మేం తలా రెండు ముద్దలు తగ్గించుకోవాలి."

 మేనత్త కాళ్ళు మడుచుకుని నేలమీద కూర్చుంది.

"తింటాను. వండించు."

అన్నం, ఉల్లిపాయ, ఉప్పు. పిల్లలు కొలిచినట్టు తిన్నారు. మేనత్త మెతుకు వదల్లేదు. తినడం అయ్యాక మరదలి వైపు తిరిగింది.

"ఇప్పుడు చెబుతున్నా విను. దీన్ని నాకిచ్చెయ్. పస్తులని కాదు. నా కొట్లో ఏ సరుకు ఎంతుందో నా గుమాస్తాకి ఈనాటికీ తెలియదు. నాకు ఇలాంటిదే కావాలి."

"నేను మాటిచ్చింది పస్తులకి వదినా. పనితనానికి కాదు" అంది గుండీలమ్మ. వారం మొత్తంలో ఆవిడ వేసిన మొదటి ఎత్తిపొడుపు అది.

మేనత్త వదల్లేదు. "నువ్వు చెప్పవే బుడంకాయా. నాతో వస్తావా? నీకంటూ ఒక గది. రోజూ పంచదార రొట్టెలు, అడిగినన్ని."

బుడంకాయ వెంటనే రానని అనలేదు. నిజంగా ఆలోచించింది. రొట్టెల గురించి ఆలోచిస్తోందని కళ్ళు చూస్తేనే తెలుస్తోంది. గుండీలమ్మ అన్నం గిన్నె ఎత్తుతున్న చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

"అమ్మా, మళ్ళీ నా వంతు ఎప్పుడు?"

"అక్క, అన్నయ్య అయ్యాక."

"అయితే రాను అత్తా. ఇప్పుడొచ్చేస్తే వీళ్ళు ఎప్పటికీ నేను పాడుచేసిన వారమే చెప్పుకుంటారు. ఇంకోసారి చేసి చూపించాలి."

"చేసి చూపించాక వస్తావా?"

"అప్పుడు మాత్రం ఎందుకొస్తాను? అప్పుడు బాగుంటుంది కదా ఇక్కడ."

గుండీలమ్మ గబుక్కున గోడ వైపు తిరిగి, లేని మరకేదో తుడవడం మొదలుపెట్టింది. నేను చూపు తిప్పుకున్నాను. ఆ మాత్రం తెలివి నాకూ ఉంది.

మేనత్త ఉస్సురంటూ లేచి చెయ్యి కడుక్కోవడానికి కుళాయి వైపు నడిచింది.

"అత్తా, కంచం."

"ఏంటే?"

"ఎవరి కంచం వాళ్ళే కడుక్కోవాలి."

"మీ అమ్మ నేర్పిందా ఇది?"

"అమ్మ కాదు. నా వారంలో నేను పెట్టిన రూలు."

కొట్లో నలుగురు పనివాళ్ళని గడగడలాడించే మనిషి వెనక్కొచ్చి, కంచం తీసుకుని, కుళాయి కింద గొంతుక్కూర్చుంది. గాజులు మోచేతి దాకా తోసుకుంది.

"సబ్బేదే?"

"అయిపోయింది."

"ఇంకేం! అది కూడా ఊరందరికీ పంచిపెట్టేశావా?"

"అది నా లెక్కలో వెయ్యకు అత్తా" అంది బుడంకాయ. "అన్నయ్య వారంలో అయిపోయింది."